పట్టా మీద పేరు

మాది పాలమూరు జిల్లా, నారాయణపేట దిక్కు. ఊరు అయిపోయినంక మా మాదిగగేరి మొదలైతది. మా తాత లందల తోళ్లు నానేసిండు. ఊరందరికీ చెప్పులు కుట్టిండు. తన చెప్పులు మాత్రం చేతుల పట్టుకొని దొర ఇంటి ముందట నడిచిండు. మా నాయిన చేతికి ఆరె, రంపె రాలేదు, పార వచ్చింది. మా జిల్లాల మాకు భూమి లేదు, భూమి ఉన్నోల్లకు నీళ్లు లేవు. అందుకే ఎక్కడ డ్యాము కట్టినా, కాల్వ తవ్వినా పాలమూరు లేబర్ కనపడతరు. గుంపు మేస్త్రి పెండ్లికో చావుకో అడ్వాన్సు ఇస్తడు. అది తీరేదాక మనిషి వానిది.

మా అవ్వ, నాయిన 1997లో మాదాపూర్ వచ్చిండ్రు. అప్పుడు అక్కడ అన్నీ బండలు, గుట్టలు. 1998 నవంబర్ 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిండు. పేపర్ల ఆ ఫోటో నేను హాస్టల్ల చూసిన. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు మా నాయినను అడిగితే “ఏమో బిడ్డా, మమ్ముల అప్పటికే ఇంకో సైటుకు తోలిండ్రు” అన్నడు. కట్టినోనికి కట్టుడే తెలుసు, రిబ్బన్ కోసుడు తెల్వదు.

నేను సాంఘిక సంక్షేమ హాస్టల్ల పెరిగిన. పురుగులన్నం గురించి, నీళ్ల చారు గురించి మనోల్లు శానమంది రాసిండ్రు, నేను మళ్ల రాయ. పాలమూరులనే ఇంటర్ పాసై ఒక ప్రైవేటు కాలేజీల బీకాం చేరిన. రెండేండ్లు చదివిన. 2003 ఎండకాలం మా నాయిన మూడో అంతస్తు సెంట్రింగ్ మీదికెల్లి పడ్డడు. నడుము ఇరిగింది. కంట్రాక్టరు ఆస్పత్రిల చేర్పించి, రెండు వేలు అవ్వ కొంగుల పెట్టి పోయిండు. మళ్ల కనపడలే. నేను చదువు ఆపి మాదాపూర్ బస్సెక్కిన. స్కాలర్‌షిప్ రాలేదు గన్క బాకీ కట్టేదాక సర్టిఫికెట్లు ఇయ్యమన్నరు కాలేజీ వాళ్లు. నా ఇంటర్ మెమో, టీసీ, రెండేండ్ల మార్కుల మెమోలు మూడేండ్లు వాళ్ల బీరువాలనే పండుకున్నయి.

నాకు దొరికింది హౌస్‌కీపింగ్ పని. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉన్న బిల్డింగు. మా నాయిన కట్టిన గోడల అసుంటి గోడలను నేను తుడిచేదాన్ని. బాత్రూంలు కడిగేదాన్ని. పొద్దున ఆరింటికి ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి దిగుతుంటి. దిగినంక అమీర్‌పేట పోయి కంప్యూటర్ నేర్సుకున్న. నా జీతంల పైసలు మిగిలించి కాలేజీ బాకీ కట్టి సర్టిఫికెట్లు ఇడిపించుకున్న. 2007లో డేటా ఎంట్రీల పడ్డ. అమెరికా ఆస్పత్రుల బిల్లులు రాత్రిపూట కొట్టుడు. ఉద్యోగం కంపెనీది కాదు, మధ్యల ఒక ఏజెన్సీది. కంపెనీ వాళ్ల మెడల బిల్లకు నీలం తాడు, మా మెడల బిల్లకు తెల్ల తాడు. తాడు రంగు చూసే సెక్యూరిటీ మర్యాద ఇస్తడు.

ఆఫీసుల కులం ఎవరూ అడగరు అంటరు. నిజమే, “నీ కులం ఏంది” అని అడగరు. “మీ ఇంటి పేరేంటి?” అంటరు. “మీరు కార్తీకమాసం చేస్తారా?” అంటరు. “ఆదివారం మీ ఇంట్లో ఏం వండుకుంటారు?” అంటరు. నేను అన్నిటికీ “మాది పాలమూరు” అని ఒక్కటే జవాబు చెప్పేదాన్ని. మాదాపూర్ల, గుట్టల బేగంపేటల రూములు కిరాయికి అడగపోతే ఓనర్లు సూటిగనే అడిగిండ్రు, “మీరేమిటోల్లు?” అని. రెండిండ్లు అట్లనే పోయినయి. మూడో ఇంట్ల ఓనరు అడగకముందే మా ఆయన అడ్వాన్సు చేతుల పెట్టిండు.

2013లో మా కంపెనీ ఒక కబురు చెప్పింది. ఏజెన్సీ మనుషులల్ల పని మంచిగ చేసేటోల్లను కంపెనీ రోల్స్ మీదికి తీసుకుంటరు, కాని డిగ్రీ ఉండాలె. అప్పుడు నా జీతం తొమ్మిదిన్నర వేలు. రోల్స్ మీదికి పోతే డబుల్. పీఎఫ్, అవ్వకు ఆస్పత్రి కార్డు, నీలం తాడు. నాకంటె వెనక వచ్చిన పిల్లలకు నేనే పని నేర్పిన. వాళ్లకు డిగ్రీ ఉన్నది, వాళ్లు పోతరు. నేను ఉన్నకాడనే ఉంట. పెండ్లయింది, పాప ఉన్నది, రాత్రి పని. పగటి కాలేజీకి పోయే బతుకు కాదు. మిగిలింది దూరవిద్య.

అట్ల నేను ఏ యూనివర్సిటీల చేరాలె అని తిరుగుడు మొదలు పెట్టిన. ఈ తిరుగుడు గురించి రాయాలనే ఇది రాస్తున్న.

మొదలు మా టీంల పిల్లగాడు ఒకడు అమీర్‌పేటల ఒక ఆఫీసు చూపించిండు. ఏసీ రూము, గోడ మీద గౌన్లు ఏసుకున్న పిల్లల ఫోటోలు. ఎక్కడో ఉత్తరాది రాష్ట్రంల ఒక యూనివర్సిటీ, దాని స్టడీ సెంటర్ అట ఇది. “వన్ సిట్టింగ్ మేడం. మూడేళ్ల డిగ్రీ ఒక్క ఏడాదిలో. పాత తేదీలతో ఇస్తాం. పరీక్షకు మీరు రాకున్నా పర్వాలేదు” అన్నడు. ముప్పై అయిదు వేలు, మూడు వాయిదాలు. మా టీంల ముగ్గురు తీసుకున్నరని తర్వాత తెలిసింది. నేను రాత్రంత ఆలోచన చేసిన. పైసల కోసం కాదు, చిట్టి ఎత్తితే వచ్చేవి. ఆ ముగ్గురి సర్టిఫికెట్ దొంగదని తేలితే ఆ మనుషులు దొంగలైతరు. నాది దొంగదని తేలితే మా కులమంత దొంగలైతరు. “వీళ్లకు చదువు ఎక్కడొస్తది” అనే మాట నోటి చివరనే పెట్టుకొని కూసున్నోల్లు ఉన్నరు. వాళ్ల చేతికి నేను కాయితం ఇయ్యదలుసుకోలే.

అసుంటి దుకాణాలకు చట్టం ఏం చెప్తదో కూడా తెలుసుకున్న. ఛత్తీస్‌గఢ్ల ఒక చట్టం కింద నూరుకు పైగ ప్రైవేటు యూనివర్సిటీలు పుడితే, 2005లో యశ్‌పాల్ కేసుల సుప్రీంకోర్టు ఆ చట్టంల వాటిని పుట్టించిన సెక్షన్లను కొట్టేసింది. నేను తిరుగుతున్న 2013 జూన్‌లనే యూజీసీ ఒక ప్రకటన ఇచ్చింది, రాష్ట్రాల యూనివర్సిటీలు తమ రాష్ట్రం హద్దు దాటి స్టడీ సెంటర్లు నడపొద్దు అని. తర్వాత 2017 నవంబర్‌ల ఇంకో తీర్పు వచ్చింది. 2001 నుంచి 2005 దాక నాలుగు డీమ్డ్ యూనివర్సిటీల దూరవిద్యల చేరి ఇంజనీరింగ్ చేసినోల్ల పట్టాలను సుప్రీంకోర్టు పక్కన పెట్టి, మళ్ల పరీక్ష రాసుకోమన్నది. దుకాణం పెట్టినోనికంటె ముందుగాల దెబ్బ తగిలేది ఫీజు కట్టినోనికి.

దొంగ తొవ్వ వద్దనుకున్నంక నాలుగు అసలు తొవ్వలు మిగిలినయి.

ఒకటి ఆంధ్రా యూనివర్సిటీ. 1972 సంది పోస్టుల పాఠాలు పంపుతున్న పాత సంస్థ. అప్పటికి రాష్ట్రం ఒక్కటే. కాని ఏ కాయితం పనిబడ్డా అసలు ఆఫీసు విశాఖపట్నంల. రాత్రి పని చేసేదాన్ని, ఒక సంతకానికి రైలెక్కి పోలేను.

రెండోది ఉస్మానియా. దాని దూరవిద్య కేంద్రం 1977లో కరస్పాండెన్స్ కోర్సుల సంస్థగ మొదలైంది. ఇప్పుడు ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి పేరు మీద ఉన్నది. నా రెండేండ్ల బీకాం మెమోలు ఉస్మానియావే, పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చేదాక మా జిల్లా కాలేజీలు దాని కిందనే ఉండె. పాత రెండేండ్లు అక్కడ కలుస్తయేమో అని ఆశ పడ్డ. కాని మధ్యల ఆపిన డిగ్రీని ఇంకోకాడ అతికియ్యాలంటే సబ్జెక్టులు కలవాలె, గడువు దాటి ఉండొద్దు, కొత్త యూనివర్సిటీ ఒప్పుకోవాలె. పదేండ్లల సిలబస్ మారింది. డిగ్రీ అంటే ఆగిన బస్సు కాదు, ఎక్కడ దిగినమో అక్కడనే మళ్ల ఎక్కటానికి. తెలిసినోల్లందరు మొదటేడు సంది చేరుడే మేలన్నరు. నేను పాత మెమోలు మడిచి ట్రంకు పెట్టెల ఏసిన.

మూడోది ఇగ్నో. 1985లో పార్లమెంటు చట్టంతోని పెట్టిన యూనివర్సిటీ. హైదరాబాద్ ప్రాంతీయ కేంద్రం కావూరి హిల్స్‌ల, మేం ఉండే గుట్టల బేగంపేటకు పక్కనే. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, జూన్‌ల, డిసెంబర్‌ల. అసైన్‌మెంట్లు రాసి ఇయ్యాలె, వాటికి నూటికి ముప్పై మార్కులు. పేరు దేశమంత చెల్లుతది. పుస్తకాలు మాత్రం ఎక్కువగ ఇంగ్లీషు, హిందీ. నేను పదో తరగతి దాక, ఇంటర్ దాక తెలుగుల చదివిన మనిషిని. ఇంగ్లీషు బిల్లులు కొట్టుడు వేరు, ఇంగ్లీషుల రాజనీతి శాస్త్రం చదివి సొంతంగ రాసుడు వేరు.

నాలుగోది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. జూబిలీహిల్స్ రోడ్ నంబర్ 46. మాకు ఆటోల దగ్గరే. 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అని పెట్టిండ్రు. దేశంల అది మొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఇందాక చెప్పిన రామ్‌రెడ్డి గారే దానికి మొదటి వైస్ చాన్సలర్, తర్వాత ఇగ్నోకు కూడా ఆయనే మొదటి వైస్ చాన్సలర్. పుస్తకాలు తెలుగుల ఉంటయి. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు కూడా ఆ పుస్తకాలు ఎతుక్కొని కొంటరు. ఆదివారం క్లాసులు. ఇంటర్ లేనోల్లు అప్పట్ల అర్హత పరీక్ష రాసి డిగ్రీల చేరే తొవ్వ కూడా ఉండె. నాతోని హౌస్‌కీపింగ్ చేసిన అక్క ఒకామె ఏడో తరగతి చదివి ఆగింది, ఆమెకు ఈ సంగతి చెప్తే నమ్మలే. అయితే ఇంటర్ లేకుండ చేసిన డిగ్రీని ఒప్పుకోని ఉద్యోగాలు కూడా ఉంటయి, అది కూడా చెప్పిన.

అన్ని చూస్తే నాకు నాలుగోదే సరిపోతది. దగ్గర, తెలుగు, ఆదివారం. మా టీం లీడర్ మేడంను సలహా అడిగిన. కృష్ణా జిల్లా ఆమె, మంచి మనిషి. పాపకు జ్వరమొస్తే సెలవు ఇచ్చేది, తన డబ్బాల నుంచి నాకు పచ్చడి పెట్టేది. ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

“చూడమ్మా, నీ మంచికే చెబుతున్నా. ఇగ్నో చెయ్యి. లేదంటే ఆంధ్రా చెయ్యి. ఆ అంబేద్కర్ యూనివర్సిటీ మాత్రం వద్దు.”

“ఎందుకు మేడం, అది చెల్లదా?”

“చెల్లుతుంది. కానీ సర్టిఫికెట్ మీద ఆ పేరు చూడగానే... నీకు తెలీదేంటి? రెజ్యూమే పక్కన పెట్టేస్తారు. నిన్ను చూస్తే ఎవరూ అనుకోరు. నువ్వెందుకు తెలిసేలా చేసుకోవడం?”

నన్ను చూస్తే ఎవరూ అనుకోరట. ఆమె నన్ను మెచ్చుకుంటున్న అనుకున్నది. నా గురించి ఆమెకు ఎన్నడో తెలుసు అని నాకు అప్పుడే తెలిసింది. ఆరేండ్లు ఇద్దరం పక్కపక్కన కూసొని ఒకరికి తెల్వనట్టు ఒకరం నటించినం.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పిన. ఆయన కంపెనీలకు క్యాబ్ నడుపుతడు, పెద్దోల్ల మాటలు వెనక సీట్లకెల్లి వినుకుంట ఉంటడు. “మేడం చెప్పింది నిజమే. ఇగ్నో చెయ్యి. ఢిల్లీ పేరు ఉంటది. మనకు నీలం తాడు గావాలె గని లొల్లి ఎందుకు?” అన్నడు. ఆయన మాట తప్పు పట్టటానికి లేదు. ఇంటి కిరాయి కట్టేది ఆయన, పాప స్కూలు ఫీజు కట్టేది ఆయన. ఎన్నిసార్లు ఓనర్లతోని మాట పడ్డడో నాకు తెలుసు.

ఈ ముచ్చట మీద నేను ఇరవై రోజులు నలిగిన. రాత్రి బిల్లులు కొట్టుకుంట ఇదే ఆలోచన. పేరు మార్చక ముందు, 1982 సంది 1991 దాక, ఆ యూనివర్సిటీకి కులం లేకుండె. అదే పుస్తకాలు, అవే పరీక్షలు. 1991 బాబాసాహెబ్ పుట్టిన నూరో ఏడు. ఆ ఏడు ఆయన పేరు పెట్టంగనే దానికి కులం అంటింది. ఇందిరాగాంధీ పేరు పెడితే అది దేశందైంది, అంబేద్కర్ పేరు పెడితే అది మాదైంది. రాజ్యాంగం ముసాయిదా రాసిన మనిషి పేరు ఒక డిగ్రీ కాయితం మీద ఉంటే దాని ధర తగ్గుతదా? తగ్గుతది అని చెప్పింది నాకు శత్రువు కాదు, నాకు పచ్చడి పెట్టిన మనిషి.

అప్పుడే బాబాసాహెబ్ జీవితం మళ్ల చదివిన. హాస్టల్ల చదివినప్పుడు ఆయన పెద్ద పెద్ద డిగ్రీలే కనపడ్డయి. ఈసారి ఇంకోటి కనపడింది. ఆయనది కూడా ఆగిన చదువే. 1912లో బొంబాయిల బీఏ, 1913లో అమెరికాల కొలంబియా, 1916లో లండన్. 1917లో బరోడా వాళ్ల స్కాలర్‌షిప్ గడువు అయిపోతే లండన్ చదువు సగంల ఇడిసి రావల్సి వచ్చింది. నాలుగేండ్లల మళ్ల వచ్చి పూర్తి చేసుకుంట అని అక్కడ అనుమతి తీసుకొని వచ్చిండు. బరోడాల ఉద్యోగానికి పోతే ఉండనీకి ఇల్లు దొరకలే. బొంబాయిల సిడెన్‌హామ్ కాలేజీల పాఠాలు చెప్పి పైసలు కూడబెట్టిండు. కొల్హాపూర్ షాహూ మహరాజ్ సాయం, దోస్తు కాడ అప్పు, అన్నీ కలిపి 1920లో మళ్ల లండన్ పోయిండు. 1923లో డీఎస్సీ తీసుకున్నడు. చదువు ఆగుడు, కిరాయి ఇల్లు దొరకకపోవుడు, జీతంల మిగిలించి ఫీజు కట్టుడు, ఇవన్నీ నాకు కొత్త కాదు, ఆయనకూ కొత్త కాదు. చిన్నప్పుడు బడిల ఆయన ఇంటికాడికెల్లి తెచ్చుకున్న గోనెపట్టా మీద ఎడంగ కూసున్నడు. మనకు దూరవిద్య 1982లో రాలే. శాన ముందే వచ్చింది.

మా ఆయనతోని చెప్పిన, “నేను ఇంగ్లీషుల ఫెయిలైతే నీలం తాడు ఎట్లాగూ రాదు. తెలుగుల పాసైతే వస్తదో రాదో చూద్దాం. పేరు సంగతి అంటవా, కాలేజీ పేరు దాచుకుంటె పోతదా? మా అవ్వను దాచాలె, మన ఊరిని దాచాలె, రేపు పాప మేనమామలను దాచాలె. ఎన్నని దాస్త?” ఆయన శానసేపు మాట్లాడలే. తెల్లారి డ్యూటీ దిగినంక క్యాబ్ల నన్ను రోడ్ నంబర్ 46 కాడ దింపిండు. “దరఖాస్తు తీసుకొని రా, నేను ఈడనే ఉంట” అన్నడు.

బీఏల చేరిన. పొలిటికల్ సైన్స్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, చరిత్ర. శనివారం రాత్రి డ్యూటీ చేసి ఆదివారం పొద్దున అటే స్టడీ సెంటర్ పోయేదాన్ని. కండ్లు మండేవి. వెనక బెంచీల కూసుంటె నిద్రొస్తదని ముందు బెంచీల కూసున్న. మా మేడం ఆ యూనివర్సిటీ మావోల్లది అనుకున్నది గద, మా క్లాసుల ఎవరెవరున్నరో ఆమె చూడాలె. ఒక కానిస్టేబుల్, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, ఒక బ్యాంకు అటెండర్, పదిహేడేండ్లకే పెండ్లి చేస్తే చదువు ఆగిపోయిన రెడ్ల కోడలు, గుడిల అర్చకం చేసుకునే పిల్లగాడు. నాకు చరిత్ర నోట్సు ఇచ్చింది ఆ రెడ్ల కోడలే. పరీక్షల ముందు ఆమెకు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చెప్పింది నేను. వాళ్లందరి పట్టా మీదా బాబాసాహెబ్ పేరే ఉంటది. వాళ్ల కులం ఎవరూ మార్చి సూడరు. ఆ పేరు నా కాయితం మీద ఉంటేనే మాట్లాడతది.

మొదటేడు ఇంగ్లీషు పోయింది, రెండో ఏడు దాంతో కలిపి రాసి పాసైన. 2016లో డిగ్రీ అయింది. సెకండ్ క్లాసు.

కంపెనీ హెచ్‌ఆర్ కాడికి పోతే ఆ సారు కాయితం అటూ ఇటూ తిప్పి “మాకు రెగ్యులర్ డిగ్రీయే కావాలి, డిస్టెన్స్ కాదు” అన్నడు. 2013లో చెప్పినప్పుడు ఆ మాట లేదు. నా బ్యాగుల యూజీసీ ఉత్తరం నకలు ఉన్నది, 2013 అక్టోబర్ 14ది. గుర్తింపు ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయాల డిగ్రీలు మామూలు డిగ్రీలతోని సమానం అని అందుల రాసి ఉంది. నెట్ సెంటర్ల రెండు రూపాయలకు తీయించిన. తీసి ముందల పెట్టిన. సారు చదివి “అది ప్రభుత్వ ఉద్యోగాలకేమో, ఇది మా పాలసీ” అన్నడు. 2022 సెప్టెంబర్‌ల యూజీసీ ఆ మాటనే మళ్ల ప్రకటించింది. ఎన్నిసార్లు చెప్పినా పాలసీ అనేటోడు పాలసీ అంటనే ఉంటడు. ప్రైవేటుల రిజర్వేషన్ లేదు, అడిగే దిక్కు లేదు.

2017లో ఇంకో కంపెనీకి ఇంటర్వ్యూకు పోయిన. ముగ్గురు కూసున్నరు. మధ్యల ఆయన నా కాయితం చూసి చిన్నగ నవ్వి అడిగిండు.

“అంబేద్కర్ యూనివర్సిటీనా? రిజర్వేషన్లో వచ్చిందా సీటు?”

నేను చెప్పిన, “సార్, అది ఓపెన్ యూనివర్సిటీ. అండ్ల ఎవరొచ్చినా చేర్చుకుంటరు. మీరొచ్చినా చేర్చుకుంటరు.”

కుడి దిక్కు కూసున్న ఆమె కిటికీ దిక్కు తిరిగి నవ్వింది. ఉద్యోగం రాదనుకొని ఇంటికి వచ్చిన. నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. నా మాటకు ఇచ్చిండ్రని నేను అనుకోను. పదేండ్ల బిల్లింగ్ అనుభవం ఉన్న మనిషి ఆ జీతానికి దొరుకుడు కష్టం, అందుకే ఇచ్చిండ్రు. రోల్స్ మీద చేరిన. ఆ కంపెనీల అందరికీ ఒకటే రంగు తాడు.

చేరిన నెలకు కాఫీ మిషన్ కాడ ఒక పిల్లగాడు, ఇంజనీరు, నా పక్కకు వచ్చి నిలబడ్డడు. “అక్కా, మీది అంబేద్కర్ యూనివర్సిటీ అంట గద” అన్నడు. అవును అన్న. ఇంకెవరూ లేరని చూసుకొని, నోట్ల నోట్లనే “జై భీమ్ అక్కా” అన్నడు. తర్వాత ఇంకొకామె వచ్చింది, గుంటూరు పిల్ల. ఇప్పుడు మేం ఏడుగురం ఒక టేబుల్ కాడ తింటున్నం. పేరు చూసి కాయితం పక్కన పెట్టేటోల్లు ఉన్నరు, మేడం చెప్పింది నిజమే. పేరు చూసి దగ్గరకు వచ్చేటోల్లు కూడా ఉన్నరు. ఆ రెండో సంగతి మేడంకు తెల్వదు. తెలిసే తొవ్వ కూడా లేదు.

పట్టా వచ్చిన పొద్దు మా అవ్వకు చూపించిన. అప్పటికి మా నాయిన చనిపోయి రెండేండ్లు. “అవ్వా, ఇగో నా పట్టా” అన్న. మా అవ్వకు పట్టా అంటే భూమి పట్టానే. మాకు ఏ తరంలనూ లేనిది.

“ఎన్నెకరాలే?” అన్నది.

“భూమిది కాదే, చదువుది.”

“చదువుకు గూడ పట్టా ఇస్తరా? మరి ఎవ్వలన్న గుంజుకుంటె?”

“గుంజుకోరాదు.”

ఆమె కాయితాలు తిప్పి తిప్పి చూసింది. ఏది ఎవరి పేరు అని అడిగింది. ఇది బాబాసాహెబ్ పేరు, ఇది నాది, ఈ మెమో మీద ఉన్నది నాయినది అని వేలు పెట్టి చూపించిన. మా నాయిన పేరు గుంపు మేస్త్రి బుక్కుల బాకీ కింద తప్ప ఇంకెక్కడా రాసి ఉండంగ ఆమె చూడలే. ఆ అక్షరాల మీద వేలు పెట్టి శానసేపు ఉంచింది.

ఇప్పుడు మా గుట్టల బేగంపేట గల్లీల పిల్లలు, హౌస్‌కీపింగ్ చేసేటోల్లు, సెక్యూరిటీ గార్డులు నా కాడికి వస్తరు. “అక్కా, ఆగిన డిగ్రీ ఎండ్ల చెయ్యాలె?” అని. నేను ఒక పేరు చెప్ప. నేను తిరిగిన తొవ్వ చెప్త. ముందుగాల ఆ యూనివర్సిటీకి ఆ ఏడుకు, ఆ కోర్సుకు యూజీసీ దూరవిద్య బ్యూరో అనుమతి ఉన్నదా చూడు. నిరుడు ఉన్నది ఈ ఏడు ఉండాలని లేదు. పరీక్షకు రాకున్నా పాస్ చేస్తం అనేటోని మెట్లు దిగి వచ్చెయ్యి. పాత మెమోలు పనికొస్తయా, రాసిచ్చిన జవాబు అడుగు, నోటి మాట నమ్మకు. నీకు ఏ భాషల రాస్తే చెయ్యి నడుస్తదో ఆ భాషల పుస్తకాలున్నకాడ చేరు. ఆదివారం నీ చేతుల ఉన్నదా చూసుకో. రేపు పీజీ చెయ్యాలని, సర్కారు నౌకరికి రాయాలని ఉంటే ఇంటర్ కాయితం సరిచూసుకో. ఇన్ని చెప్పినంక, పేరు సంగతి కూడా చెప్త. ఎవరన్న చెవుల గుసగుసగ “ఆ పేరు వద్దు” అంటరు, వాళ్లు నీ మంచి కోరేటోల్లే కావొచ్చు, అయినా ఆ లెక్క నువ్వే ఏసుకో అంట. ఇగ్నోల చేరినోల్లూ ఉన్నరు, ఉస్మానియాల చేరినోల్లూ ఉన్నరు. అందరూ మావోల్లే, అందరూ పాసైతున్నరు.

పోయిన నెల వనపర్తి దిక్కు పిల్ల ఒకామె దరఖాస్తు నింపుకుంట నా ముందల కూసున్నది. పగలు ఫ్లోర్లు తుడుస్తది, రాత్రి తోటిపిల్లల రూముల లైటు కింద చదువుతది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ చకచక రాసింది. కులం గడి కాడికి రాంగనే పెన్ను ఆగింది. “అక్కా, ఇది నింపకుంటె నడుస్తదా?” అన్నది.

నేను జవాబు చెప్పలే, తొందర పెట్టలే. చాయ్ తెచ్చి ముందల పెట్టిన. ఆమె చాయ్ తాగింది, గిలాస పక్కన పెట్టింది, గడిల రాసింది.